ఒక్క సీస్మోమీటర్‌తో అంగారకుడి కడుపులో ఏముందో ఎలా తెలిసింది?

విభాగం: సైన్సు, ఆకాశం (బెంగళూరు తెలుగువాళ్ళు)

నాలుగో_అంతస్తు | మహదేవపుర | శనివారం రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఇక్కడ చదువుతూ ఉంటాను గానీ రాయడం ఇదే మొదలు.

మా బిల్డింగ్‌కి కాస్త దూరంలో మెట్రో పని జరుగుతోంది. రాత్రిళ్ళు మంచం సన్నగా అదురుతుంది. మా ఆవిడ "నీ భ్రమ" అంటుంది. భ్రమో కాదో తేల్చుదామని, కదలికల్ని గీతలుగా చూపించే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని, హాల్లో నేలమీద పెట్టి, ఒంటిగంట నుంచి రెండింటి దాకా రికార్డు చేశాను. గీతలైతే బోలెడు వచ్చాయి. అందులో ఏది మెట్రో, ఏది ఫ్యాను, ఏది నేను మంచినీళ్ళకు లేచి నడిచింది, ఒక్క ముక్క అర్థం కాలేదు.

అప్పుడు ఇన్‌సైట్ గుర్తొచ్చింది. ఆ నాసా ల్యాండర్ అంగారకుడి మీద ఒకేచోట కూర్చుని, ఒకే ఒక్క సీస్మోమీటర్‌తో (నేల అదురును కొలిచే పరికరం), ఆ గ్రహం నడిమధ్య ఇనుప ముద్ద ఎంత పెద్దదో లెక్కగట్టిందని చదివాను. నాకు సొంత హాల్లో ఫ్యానుకీ మెట్రోకీ తేడా తెలియలేదు. వాళ్ళకెలా తెలిసింది? ఎవరైనా విడమరిచి చెప్పండి. ఫార్ములాలు వద్దు, వాటిని ఇంజనీరింగ్‌లోనే వదిలేసి వచ్చాను.

ఊరికే_అడిగా | ఆదివారం ఉదయం 7:10

మెట్రో పని రాత్రి ఒంటిగంటకు కూడా నడుస్తోందా? మా వైపు పగలే నడవట్లేదు :)

బోరుబండి | కె.ఆర్.పురం (సొంతూరు అనంతపురం జిల్లా) | ఉదయం 8:02

ఇన్‌సైట్ అంటే నాకు గుర్తొచ్చేది వేరే. దాంట్లో నేలలోకి దిగే మేకు లాంటిది ఒకటి పంపినారు కదా. అయిదు మీటర్లు దిగాల్సింది, మూరెడు కూడా దిగలేదు. మా నాయన ఇరవై ఏండ్లు బోరు బండి నడిపినాడు. మా కాడ వెయ్యి అడుగులు కొట్టినా నీళ్ళు పడవు, సరే. బొక్కన్నా పడతాది కదప్పా! అంత ఖర్చు పెట్టి మూర లోతు దిగకపోతే ఎట్ల?

గ్రానైట్ | మల్లేశ్వరం | ఉదయం 10:35

భూకంప తరంగాలతోనే నా రోజు గడుస్తుంది కాబట్టి నేను మొదలుపెడతాను. బోరుబండి అన్నా, మీ ప్రశ్నకూ వస్తాను, మంచి ప్రశ్న అది.

నాలుగో_అంతస్తు గారూ, మీకొచ్చిన ఇబ్బందే అందరికీ వస్తుంది. సీస్మోమీటర్‌కి వినపడకపోవడం అనే సమస్య లేదు. దానికి అన్నీ వినపడతాయి, అదే సమస్య. అణువు వెడల్పు కన్నా తక్కువ కదలికను కూడా పట్టేంత సున్నితమైనది ఇన్‌సైట్ పరికరం. అంత సున్నితమైతే గాలి వీచినా, ఎండకు లోహం సాగినా, చలికి ముడుచుకున్నా అన్నీ గీతల్లో పడతాయి. సూర్యాస్తమయం అప్పుడు పరికరం పైకప్పూ చుట్టూ ఉన్న భాగాలూ చల్లబడుతూ టక్ టక్‌మనేవి. రాత్రి వంటింట్లో స్టీలు సామాను టప్‌మన్నట్టు. వాటన్నిటినీ పక్కకు తీసేస్తే మిగిలేదే నేల మాట.

1976లో అంగారకుడి మీద నాసా వైకింగ్ ల్యాండర్లు రెండు దిగాయి. రెండింటిలోనూ సీస్మోమీటర్ ఉంది, కానీ ల్యాండర్ ఒంటిమీదే బిగించారు. మొదటిదాంట్లో పరికరం తాళం విడిపోలేదు, అసలు పనే చేయలేదు. రెండోది పనిచేసింది గానీ ఎక్కువగా విన్నది ల్యాండర్ గాలికి ఊగడాన్నే. మొత్తం మీద భూకంపం అని అనుమానించగలిగింది ఒక్కదాన్ని.

ఆ దెబ్బతో నేర్చుకున్నది ఇన్‌సైట్‌లో కనిపిస్తుంది. 2018 నవంబర్ 26న ఎలీసియం మైదానంలో దిగింది. డిసెంబర్ 19న రోబో చెయ్యి సీస్మోమీటర్‌ని ఎత్తి నేలమీద పెట్టింది. మరుసటి ఫిబ్రవరిలో దాని మీద గాలీ ఎండా తగలకుండా గంపలాంటి మూత బోర్లించింది. మన ఊళ్ళో కోడిపిల్లల మీద గంప బోర్లించినట్టే. అంచుకు గొలుసుల అల్లిక కూడా వేలాడుతుంది, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా సందు లేకుండా. ఇంత చేశాక మొదటి కంపం దొరికింది 2019 ఏప్రిల్ 6న.

నాలుగో_అంతస్తు | ఉదయం 11:20

థాంక్యూ మేడమ్. గంప ఉదాహరణతో సగం అర్థమైపోయింది. కానీ ఒక్కటే పరికరం అయితే కంపం ఎక్కడ పుట్టిందో ఎలా తెలుస్తుంది? కనీసం మూడు ఉండాలి అని స్కూల్లో చదివినట్టు గుర్తు.

గ్రానైట్ | ఉదయం 11:52

మూడుంటే సుఖం. ఒకటున్నా గడుస్తుంది, నమ్మకం కాస్త తగ్గుతుంది. ఉరుములో మెరుపు ముందు, చప్పుడు తర్వాత. ఆ రెంటి మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్తాం కదా. కంపంలోనూ అంతే. ముందు పి తరంగం వస్తుంది, నేలను తోస్తూ, లాగుతూ. తర్వాత ఎస్ తరంగం, పక్కకు ఊపుతూ. మధ్య ఎడాన్ని బట్టి దూరం. పరికరం మూడు దిక్కుల్లో కదలికను కొలుస్తుంది కాబట్టి మొదటి తోపు ఎటునుంచి వచ్చిందో చూస్తే దిశ. దూరం, దిశ రెండూ దొరికితే చోటు దొరికినట్టే. అలా చూస్తే పెద్ద కంపాలు చాలావరకు సెర్బెరస్ ఫోసే అనే పగుళ్ళ ప్రాంతం నుంచే వచ్చాయని తేలింది.

మన దగ్గర గౌరీబిదనూరులో 1965 నుంచి ఒక కంప నమోదు కేంద్రం ఉంది, భాభా అణు పరిశోధన కేంద్రానిది. నందికొండలు దాటి వెళ్తాం. అక్కడ ఒకటి కాదు, గట్టి రాతి మీద రెండు వరుసల్లో, ఎల్ ఆకారంలో సీస్మోమీటర్లు పరిచారు. ఎక్కడో దేశంలో అణు పరీక్ష జరిగితే ఆ అలలు ఏ సీస్మోమీటర్‌ని ముందు తాకాయి, ఏదాన్ని తర్వాత తాకాయి అని చూసి దిశ పట్టేస్తారు. అంగారకుడి మీద ఆ విలాసం లేదు.

పీన్యా_తాత | దాసరహళ్ళి | మధ్యాహ్నం 1:15

నాలుగో అంతస్తు బాబూ, ఫోన్ నేలమీద ఎట్లా పెట్టావు? వెల్లకిలానా? వెనక కెమెరా ఉబ్బు ఉంటుంది కదా. ఆ ఉబ్బు మీద ఒక మూల లేచి ఉంటుంది, ఎవరు నడిచినా కుర్చీలా ఊగుతుంది. నువ్వు రికార్డు చేసింది నేలను కాదు, ఫోన్ ఊగులాటను.

నేను నలభై ఏళ్ళు చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసినవాణ్ణి. మాకు మొదట నేర్పేది ఇదే, దేన్నైనా మూడు కాళ్ళ మీద నిలబెట్టు, నాలుగో కాలు ఎప్పుడూ అబద్ధం చెప్తుంది. మూడు రూపాయి బిళ్ళలు రెండు వైపులా అంటుకునే టేపుతో ఫోన్ కింద అతికించి పెట్టు. ఆ అంగారకుడి సీస్మోమీటర్‌కీ మూడు కాళ్ళే, ఫోటో చూడు.

ఇంకో సంగతి. ఆ యంత్రం నిజానికి 2016 మార్చిలో పోవాల్సింది. సెన్సార్లు పెట్టిన గోళంలో గాలి పూర్తిగా తీసేసి ఉంచాలి. పరీక్షల్లో సన్నటి లీకు కనిపించింది. బిగించారు, మళ్ళీ లీకు. 2015 డిసెంబర్‌లో ప్రయోగం ఆపేశారు. అంగారకుడికి పోవడానికి దారి కలిసొచ్చేది 26 నెలలకోసారి. అంటే ఒక్క లీకు ఖరీదు రెండేళ్ళ పైన. చివరికి 2018 మే 5న వెళ్ళింది. ఇది చదివినరోజు నాకు కన్నీళ్ళొచ్చాయంటే నమ్ముతారా? మేం కూడా వాక్యూమ్ గదుల భాగాలు చేసేవాళ్ళం, లీకు వెతుకుతూ మూడు రాత్రులు ఇంటికి పోని రోజులున్నాయి. హీలియం పట్టించి వెతుకుతాం. దొరికేది వెంట్రుకంత కూడా ఉండదు.

ఊరికే_అడిగా | మధ్యాహ్నం 2:40

తాతగారికి దండం. కానీ నాకో సందేహం. అంగారకుడి కోర్, అంటే ఆ నడిమధ్య ఇనుప ముద్ద, ఎంత పెద్దదో 2021లో ఒక లెక్క చెప్పారు, 2023లో ఇంకోటి, ఇప్పుడు మళ్ళీ మార్చారు. ప్రతి రెండేళ్ళకూ మారిపోతే దాన్ని "తెలుసుకున్నాం" అనొచ్చా? అంచనా అనండి చాలు.

గ్రానైట్ | సాయంత్రం 4:05

అనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఎందుకు మారిందో చూడండి, కథంతా అందులోనే ఉంది.

2021లో, కోర్ అంచును తాకి వెనక్కొచ్చిన ఎస్ తరంగాల్ని చూసి వ్యాసార్ధం దాదాపు 1,830 కిలోమీటర్లు అన్నారు. ఎస్ తరంగం ద్రవంలోకి పోలేదు, అక్కడే తిరిగొస్తుంది. అద్దం ఎక్కడుందో కొలిచారన్నమాట. కోర్ ద్రవమే, అనుకున్నదానికన్నా పెద్దది, కాబట్టి తేలిక. ఆ తేలికే అందర్నీ ఇబ్బంది పెట్టింది. అంత తేలిక కావాలంటే ఇనుములో గంధకం, కార్బన్ లాంటివి బోలెడు కలిసి ఉండాలి, అంత కలుస్తాయా అని.

తర్వాత 2021 సెప్టెంబర్‌లో అవతలి వైపు ఒక ఉల్క పడింది. దాని తరంగాలు కోర్ అంచు వెంబడి వచ్చిన తీరు చూస్తే లెక్క కుదర్లేదు. 2023లో రెండు బృందాలు విడివిడిగా ఒకే మాట చెప్పాయి. కోర్ మీద కరిగిన రాతి పొర ఒకటుంది, దాదాపు 150 కిలోమీటర్ల మందం. ఎస్ తరంగం ఆగిపోయింది ఆ పొర దగ్గర. అసలు ఇనుము వ్యాసార్ధం 1,650-1,675 దగ్గర. పాల మీద మీగడ గిన్నె అంచు దాకా ఉంటే పాలు అంతవరకూ ఉన్నాయి అనుకున్నట్టు. కొలత తప్పు కాదు, కొలిచింది మీగడను. పాత ఇబ్బంది కూడా తీరింది, కోర్ చిన్నదైతే బరువైనదవుతుంది.

ఇక 2025లో ఒక చైనా బృందం, లోపల మళ్ళీ 600 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న గట్టి ముద్ద ఉందని నేచర్ పత్రికలో రాసింది. దాని మీద నేను ఇప్పుడే పందెం కాయను. ఒక్క స్టేషన్ డేటా, ఆ మూలలోకి పోయివచ్చిన తరంగాలు చాలా బలహీనం.

మన భూమికీ ఇంతే పట్టింది. కోర్ ఉందని 1906లో ఓల్డ్‌హామ్ చూపించాడు. లోపల గట్టి ముద్ద ఉందని ఇంగె లేమన్ చెప్పింది 1936లో. ముప్ఫై ఏళ్ళు, అదీ లెక్కలేనన్ని స్టేషన్లతో.

రెండో_పీరియడ్ | యలహంక | సాయంత్రం 5:30

మీగడ నేను దొంగిలిస్తున్నాను గ్రానైట్ గారూ, రేపు తొమ్మిదో తరగతికి.

బదులుగా గుడ్లు ఇస్తా. నేలమీద పచ్చి గుడ్డు, ఉడికిన గుడ్డు రెండూ తిప్పండి. ఉడికింది చక్కగా తిరుగుతుంది, పచ్చిది తడబడుతుంది. వేలితో ఆపి వదలండి. ఉడికింది ఆగిపోతుంది, పచ్చిది మళ్ళీ కదులుతుంది, లోపలి ద్రవం ఇంకా తిరుగుతోంది కాబట్టి. ఇన్‌సైట్‌లో సీస్మోమీటర్ కాకుండా రేడియో పరికరం కూడా ఉంది. భూమి నుంచి పంపిన సంకేతాన్ని తిరిగి పంపుతుంది. ఆ సంకేతం పౌనఃపున్యంలో మార్పును బట్టి అంగారకుడు ఎంత తడబడుతూ తిరుగుతున్నాడో కొలిచారు. పచ్చి గుడ్డే! సీస్మోమీటర్ చెప్పినదానికి ఇది వేరే దారిలో వచ్చిన సాక్ష్యం. ఊరికే_అడిగా గారూ, ఇద్దరు సాక్షులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఒకే మాట చెప్తే కోర్టు కూడా నమ్ముతుంది కదా.

బోరుబండి | సాయంత్రం 6:15

అందరికీ జవాబు వచ్చింది, నా మేకు సంగతి ఎవురూ చెప్పలే.

గ్రానైట్ | రాత్రి 8:50

క్షమించాలన్నా, వంటలో పడ్డాను.

ఆ మేకును జర్మనీ అంతరిక్ష సంస్థ చేసింది. పొడవు 40 సెంటీమీటర్లు. లోపల చిన్న సుత్తి, దానంతటదే కొట్టుకుంటూ దిగాలి. లోతుకుపోయి ఒక్కో లోతులో ఎంత వేడి ఉందో చూస్తే, గ్రహం లోపల్నుంచి ఎంత వేడి బయటికొస్తోందో తెలుస్తుంది. సుత్తి కొట్టినప్పుడల్లా మేకు వెనక్కి తన్నుకుంటుంది. ఆ తన్నుడును చుట్టూ ఉన్న మట్టి గట్టిగా పట్టుకుని ఆపాలి. అక్కడి మట్టి పైపొర పెళుసుగా గడ్డకట్టినట్టుంది. మేకు చుట్టూ గుంటపడి పట్టు వదిలేసింది. పట్టులేక అక్కడే ఎగిరెగిరి పడింది. రోబో చెయ్యి చివరి తట్టతో పక్కనుంచి నొక్కారు, తర్వాత నెత్తిమీద నొక్కారు. కాస్త దిగింది, ఒకసారి దిగింది కాస్తా పైకొచ్చేసింది. 2021 జనవరిలో చివరిగా 500 దెబ్బలు కొట్టి చూసి వదిలేశారు. అప్పటికి తల మునిగిందంతే.

బోరుబండి | రాత్రి 9:05

అట్ల చెప్పండి! మా బండిలో కొట్టుడూ ఉంటాది, తిప్పుడూ ఉంటాది, పైనుంచి లారీ బరువు ఒత్తుతాంటాది. పైన వదులు మట్టి ఉంటే కేసింగు పైపు దింపకుండా ముందుకు పోము, మట్టి కూలి రాడ్డు పట్టుకుంటాది. వాళ్ళకు కూలలేదు, పట్టుకోలేదు. మాకు శాపం అయ్యేది వాళ్ళకు వరం అయ్యేదన్నమాట.

పీన్యా_తాత | రాత్రి 9:30

తిప్పడం అంటే మనవాళ్ళు గుర్తొచ్చారు. చంద్రయాన్-3లో విక్రమ్ నుంచి చందమామ నేలలోకి దిగిన ఉష్ణోగ్రత కడ్డీ, చాస్టే అంటారు, దాన్ని సుత్తితో కొట్టలేదు, మోటారుతో తిప్పుతూ దింపారు. పది సెంటీమీటర్లు. తక్కువే, కానీ అనుకున్నది అనుకున్నట్టు దిగింది.

అందులోనే ఇల్సా అని సీస్మోమీటర్ ఉంది. అది చేసింది మా పీన్యాలోనే, ఇస్రో వాళ్ళ లియోస్ ప్రయోగశాలలో. సిలికాన్ మీద చెక్కిన చిన్న చిన్న సెన్సార్లు. దాన్ని కూడా ల్యాండర్ మీద ఉంచకుండా నేలమీదకు దించారు. 2023 ఆగస్టు 24 నుంచి సెప్టెంబర్ 4 వరకు విన్నది. రోవర్ నడిస్తే ఆ అదురు కూడా పట్టింది.

రెండో_పీరియడ్ | రాత్రి 9:48

చంద్రుడి మీద గాలి లేకపోవడం ఇల్సాకి పెద్ద వరం. అంగారకుడి మీద గాలి మన గాలిలో నూటికి ఒకవంతు కూడా లేదు, అయినా అంత గోల! ఇంకో వింత, ఆ గాలిలో 95 శాతం బొగ్గుపులుసు వాయువు. చలికాలంలో ధ్రువాల దగ్గర అది గడ్డకట్టి నేలమీద పడిపోతుంది, అందుకని గ్రహమంతా గాలి పీడనం దాదాపు నాలుగో వంతు పడిపోయి మళ్ళీ లేస్తుంది. వైకింగ్ ల్యాండర్లు ఏళ్ళ తరబడి నేలమీద కూర్చుని పీడనం రాసుకున్నాయి కాబట్టి ఇది అంత స్పష్టంగా కనిపించింది.

ఊరికే_అడిగా | రాత్రి 10:20

అంటే గాలి పీడకురాలు. సీస్మోమీటర్‌కి విలన్.

ఇంతకీ శుక్రుడి మీద ఎవరూ పెట్టరేం? అదీ పక్క గ్రహమేగా. అయినా మన దేశంలో ఈ ఖర్చంతా ఎవరి డబ్బు అని అడిగితే మాత్రం...

మోడరేటర్ | రాత్రి 10:31

చివరి వాక్యం తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను. ఎన్నికల గురించి వేరే విభాగం ఉంది. గ్రహాల మీదే ఉండండి.

గ్రానైట్ | సోమవారం ఉదయం 6:40

శుక్రుడి నేలమీద దాదాపు 460 డిగ్రీలు. పీడనం మన దగ్గర ఉన్నదానికి తొంభై రెట్లు. సోవియట్ వాళ్ళ వెనెరా-13 1982 మార్చి 1న దిగి 127 నిమిషాలు బతికింది. అంత వేడిలో మామూలు సిలికాన్ చిప్పులు పనిచేయవు. కంపం కోసం నెలల తరబడి కూర్చోవాలి, రెండు గంటల్లో ఏం వింటాం?

నాలుగు రోజుల తర్వాత దిగిన వెనెరా-14 కథ మాత్రం చెప్పాలి. నేల ఎంత గట్టిదో కొలవడానికి ఒక స్ప్రింగు చెయ్యి నేలకు తగలాలి. అది సరిగ్గా వెళ్ళి, ఊడిపడిన కెమెరా మూత మీద వాలింది. అంతదూరం వెళ్ళి సొంత మూత గట్టిదనం కొలుచుకొచ్చింది పాపం. మన ఇస్రో శుక్రుడి కోసం 2028 మార్చికి అనుకుంటున్నది కూడా చుట్టూ తిరిగే నౌకే, దిగేది కాదు.

ఇక గాలి విలన్ అన్నారు. ఒప్పుకోను. ఇన్‌సైట్ ల్యాండర్ మీద పీడనం కొలిచేదీ, గాలి వేగం కొలిచేదీ రెండూ పెట్టారు. మొదట్లో కారణం మీరన్నట్టే, ఫలానా కుదుపు గాలిదా నేలదా అని తేల్చుకోవడానికి. పగలు గాలి గోలలో దాదాపు ఏమీ వినపడేది కాదు. సూర్యుడు దిగాక గాలి పడిపోయి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా నిశ్శబ్దం. చిన్న కంపాలు చాలావరకు దొరికింది ఆ వేళల్లోనే. గాలి ఎక్కువుండే రుతువులో వారాల తరబడి ఖాళీ.

కానీ సుడిగాలి పక్కనుంచి పోతే దాని నడుమ పీడనం తక్కువ కదా, అది నేలను పైకి పీలుస్తుంది. పీలిస్తే నేల కొద్దిగా, నమ్మశక్యం కానంత కొద్దిగా, వాలుతుంది. ఆ వాలు సీస్మోమీటర్‌లో పడింది. పీడనం ఎంత తగ్గిందో పక్క పరికరం చెప్తుంది, నేల ఎంత వాలిందో ఇది చెప్తుంది. రెండూ కలిపితే కింద నేల ఎంత మెత్తనో తెలిసిపోయింది. మేకు దిగలేకపోయిన లోతుల సంగతి కొంత సుడిగాలి చెప్పింది! నేనైతే కోర్ సైజు కన్నా దీన్నే ఎక్కువ ఇష్టపడతాను. చెత్త అని తీసిపారేయబోయిన గీతలోంచి వచ్చింది కాబట్టి.

నాలుగో_అంతస్తు | ఉదయం 9:15

ఆఫీసు క్యాబ్‌లో చదువుతున్నాను, స్టాప్ దాటిపోయేలా ఉంది.

మేడమ్, నా రికార్డింగ్‌లో ఒకటి అడగాలి. దాదాపు ఎనిమిది నిమిషాల పాటు ఒకే వేగంతో, సెకనుకు 13 సార్లకు కాస్త పైన, గీత దట్టంగా ఉంది. మెట్రో డ్రిల్లింగ్ అదేనా?

గ్రానైట్ | ఉదయం 9:22

13.3 అయితే దాన్ని 60తో హెచ్చవేయండి. 800. నిమిషానికి 800 చుట్లు తిరిగేది మీ బిల్డింగ్‌లో ఏముంది? పై అంతస్తులో ఎవరైనా రాత్రి ఒంటిగంటకు బట్టలు ఉతుకుతున్నారా?

నాలుగో_అంతస్తు | రాత్రి 10:05

పై ఫ్లాట్‌లో ఇద్దరమ్మాయిలున్నారు, నైట్ షిఫ్టు. అడిగితే "సారీ అన్నా, వచ్చాకే మెషిన్ వేస్తాం" అన్నారు. మా ఆవిడ ముఖంలో గెలుపు చూడాలి మీరు. ఉత్త భ్రమ కాదని నేను, మెట్రో కాదని తను, ఇద్దరం గెలిచామని సర్దుకున్నాం.

ఊరికే_అడిగా | రాత్రి 10:40

సరే ఒప్పుకున్నా, అంచనా కాదు, పట్టేశారు. ఇన్‌సైట్ ఇప్పుడేం చేస్తోంది?

రెండో_పీరియడ్ | రాత్రి 11:02

దుమ్ములో నిద్రపోతోంది. సోలార్ పలకల మీద దుమ్ము పేరుకుని కరెంటు తగ్గుతూ వచ్చింది. 2021 మేలో ఒక తమాషా చేశారు. దుమ్ము పోవడానికి పలక దగ్గర ఇంకా ఇసుక పోశారు! పెద్ద రేణువులు గాలికి దొర్లుతూ సన్న దుమ్మును తోసుకుపోతాయని. కొంత పనిచేసింది కూడా. 2022 మే 4న 4.7 తీవ్రతతో అతిపెద్ద కంపం వచ్చింది, అప్పటికే కరెంటు అంతంతమాత్రం. ఆ ఏడాది డిసెంబర్‌తో సంకేతాలు ఆగిపోయాయి. నాలుగేళ్ళలో 1,300 పైగా కంపాలు విన్నది.

నాలుగో_అంతస్తు | బుధవారం ఉదయం 6:10

రిపోర్టు. తాతగారు చెప్పినట్టు మూడు రూపాయి బిళ్ళలు అతికించాను. మేడమ్ గంప మాట పట్టుకుని ఫోన్‌కి తగలకుండా పైన ఇడ్లీ గిన్నె బోర్లించాను. ఫ్యాను ఆపాను. మూడున్నర నుంచి అయిదు దాకా నేను మంచం దిగలేదు.

గీత ఎంత సన్నగా ఉందంటే మొదట యాప్ ఆగిపోయిందేమో అనుకున్నా. 3:52కి లిఫ్టు (తలుపు పడిన చప్పుడు నాకూ వినపడింది). మళ్ళీ 4:12కి ఒక చిన్న దెబ్బ, రెండు సెకన్లాగి దానికన్నా పెద్దది, తర్వాత సన్నగా ఊగుడు. నాకేం వినపడలేదు. వాషింగ్ మెషిన్ కాదు, అమ్మాయిలు సెలవులో ఊరెళ్ళారు. పాల వ్యానా? నీళ్ళ ట్యాంకరా?

గ్రానైట్ | ఉదయం 6:31

ఒక్క ఫోన్‌తో చెప్పలేను. ఇంకొకటి కింద సెల్లార్‌లో పెట్టి, రెండు గడియారాలూ సరిచూసుకుని, మళ్ళీ రికార్డు చేయండి.

బోరుబండి | ఉదయం 6:44

నా కాడ పాత ఫోన్ ఉంది, స్క్రీన్ పగిలింది గానీ పని చేస్తాది. సాయంత్రం టిన్ ఫ్యాక్టరీ కాడికి వస్తావా, ఇస్తా. మూడు బిళ్ళలు నువ్వే తెచ్చుకో.